ఎవరి తప్పూ లేని కేసు

జూన్ 4

ఈ రోజు మళ్ళీ చెప్పాడు. ఎదురింట్లోకి కొత్తగా వచ్చిన టీచరమ్మ పరిచయం చేసుకుందామని వస్తే, ఆవిడ కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే అన్నయ్య మొదలుపెట్టాడు. "మా ఆవిడ కుక్కరు మూత సరిగ్గా పెట్టలేదండీ. ఫోన్లో మాట్లాడుతూ పెట్టింది. దాని ఫలితమే ఇది." అంటూ వదిన మొహం వైపు చెయ్యి చూపించాడు, గోడ మీద క్యాలెండరు చూపించినట్టు.

వదిన అక్కడే ఉంది. మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని, ఎడమ చెంప గోడ వైపుకి ఉండేలా నిలబడింది. రెండేళ్ళుగా ఆమె నిలబడే తీరు అదే. ఆ వైపు కంటితో ఇప్పుడు వెలుతురు తప్ప ఏమీ కనబడదు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం పోయింది. ఒంటికన్నుతో రోజుకి పాతిక పేజీలు ఎవరు దిద్దగలరు? వంటింట్లో ఆమె స్టవ్ ముట్టుకోవడానికి వీల్లేదని అన్నయ్య ఆర్డరు. అందుకని నీళ్ళ ఆఫీసులో గుమాస్తా అయిన అన్నయ్యే పొద్దున్నే లేచి వండుతున్నాడు, మేమంతా మాడిందీ ఉడకనిదీ నోరు మూసుకుని తింటున్నాం.

ఆ కుక్కరు పేలింది వదిన వల్ల కాదు. ఆ కంపెనీ మూతకుండే లాకు పిన్నే దరిద్రం. ఆవిరి ఉన్నంతసేపు మూత కదలకుండా పట్టుకోవాల్సింది ఆ పిన్నే. నాన్న పోయాక ఈ రిపేరు షాపులో పదహారేళ్ళుగా కూర్చున్నదాన్ని, నాకు తెలియదా? వదిన కుక్కరు పేలడానికి వారం ముందు నేనే చూశాను. కొత్త రబ్బరు వేశాను. అంతే.

జూన్ 11

షాపుకి లాయరమ్మ వచ్చింది. సన్నగా, కళ్ళజోడు తాడుతో మెళ్ళో వేలాడేసుకుని ఉంది. ఆ కంపెనీ కుక్కర్లు మూడు ఊళ్ళలో పేలాయట. విడివిడిగా కేసు వేస్తే ఏ లాయరూ ముట్టుకోడట, ఖర్చు కుక్కరు కంటే ఎక్కువవుతుందట. అందుకని కొన్నవాళ్ళందరి తరఫునా ఒకే కేసు వేస్తోందట. కానీ ఎవరి దగ్గరా కొన్న బిల్లు లేదు. మన జనం పెళ్ళి ఫోటోలు దాచుకుంటారు గానీ కుక్కరు బిల్లు దాచుకుంటారా?

నా బిల్లు బుక్కులు తీసి బల్ల మీద పెట్టాను. ఏ ఇంటి కుక్కరు, ఏ మోడలు, ఏ తారీకున రిపేరుకొచ్చింది, అన్నీ ఉన్నాయి. లాయరమ్మ పేజీలు తిప్పుతూ "మీరు దేవతలా దొరికారు" అంది. ఆ మాట బాగుంది, అబద్ధం చెప్పను.

ఒకచోట వేలు ఆపి "మూత సర్వీసు అంటే ఏంటండీ?" అని అడిగింది.

"తుడిచి నూనె వెయ్యడం" అన్నాను.

జూన్ 30

అరవై మూడు మంది సంతకాలు పెట్టారు. అందులో నలభై మంది నా బిల్లు బుక్కుల్లోంచే వచ్చారు. రిటైరైన బస్సు కండక్టరు తన సంతకం పెట్టి, పక్కవాళ్ళని కూడా "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అంటూ వరసలో నిలబెట్టాడు. వీధిలో నాకు ఒక్కసారిగా గౌరవం పెరిగిపోయింది. కూరగాయలమ్మాయి కూడా ఏరి ఇస్తోంది.

పిటిషను వదిన చదివింది. చదివిందంటే దిద్దింది. కాగితాన్ని కుడికంటికి దగ్గరగా పెట్టుకుని పదకొండు తప్పులు పట్టుకుంది. లాయరమ్మ వాటిని అక్కడికక్కడే పెన్నుతో సరిచేసుకుంది.

చివర వదిన ఒక్కటే అడిగింది. "కేసు గెలిస్తే, తప్పు కంపెనీదేనని తీర్పులో రాస్తారాండీ?"

"అది తేల్చడానికే కదమ్మా కేసు."

"అయితే చాలు. ఆ పేజీ ఒకటి నాకివ్వండి. మా ఆయనకి చూపించాలి. ఇంకేమీ వద్దు."

రెండేళ్ళలో వదిన ఇంట్లో ఎవరినైనా ఏదైనా అడగడం నేను వినలేదు. ఆ పేజీ ఆమెకి ఎలాగైనా తెచ్చిపెట్టాలి. ఇది నా కోసం కాదు, ఆమె కోసం చేస్తున్నాను.

జూలై 19

వాయిదా.

ఆగస్టు 2

వాయిదా. కంపెనీ వకీలుకి జలుబట. అరవై మూడు మంది పని మానుకుని వెళ్ళి ఆయన జలుబు విని వచ్చాం.

సెప్టెంబరు 13

కంపెనీవాళ్ళు పంపిన నిపుణుడు లాయరమ్మ ఆఫీసుకి వచ్చాడు. పేలిన మూతలు అయిదు బల్ల మీద పెట్టారు. వదిన మూత అందులో లేదు, అది ఇంట్లోనే ఉంది, పాత పేపర్లో చుట్టి బీరువా మీద. అన్నయ్య పారేద్దామన్నా వదిన పారెయ్యనివ్వలేదు.

ఆ నిపుణుడు భూతద్దంతో ఒక్కో మూతనీ పది నిమిషాలు చూశాడు. తర్వాత జేబు రుమాలుతో చేతులు తుడుచుకుని అన్నాడు. "మూడింటికి లాకు పిన్ను అరగదీశారు. ఆకురాయి గీతలున్నాయి. ఇది మా ఫ్యాక్టరీ పని కాదు. బయట రిపేరు చేసినవాళ్ళు చేసిన పని."

అందరికంటే ముందు నేనే లేచాను. "మరి మిగతా రెండింటి సంగతేంటి? వాటికి గీతల్లేవు కదా, అవెందుకు పేలాయి?" అని అరిచాను. అది నిజమైన ప్రశ్న. ఆయన భూతద్దం తీసి పెట్టెలో పెట్టేసుకున్నాడు. లాయరమ్మ మెచ్చుకోలుగా నా వైపు చూసింది. కండక్టరు చప్పట్లు కొట్టాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అంత గట్టిగా అరవాల్సింది కాదేమో.

సెప్టెంబరు 14

రెండు రుద్దులు.

ఇక్కడ రాసుకుంటే ఏం పోయింది, ఇది చదివేది నేనే కదా. ఆ కంపెనీ మూత కొన్న మూడు నెలలకే బిగుసుకుపోతుంది. ఆడవాళ్ళు చేతులు నొప్పెట్టేలా తిప్పలేక షాపుకి తెస్తారు. ఆకురాయితో పిన్ను మీద రెండు రుద్దులు రుద్దితే వెన్నలా మూసుకుంటుంది. నాన్న అలాగే చేసేవాడు. చౌరస్తా షాపు ముసలాయన ఇప్పటికీ అలాగే చేస్తాడు. బిల్లు మీద మూత సర్వీసు అని రాస్తాం. ఈ పని చేసేవాళ్ళలో ఆకురాయి పట్టనివాడిని ఒక్కడిని చూపించండి.

వదిన మూతకీ అంతే. రబ్బరు వేశాను, రెండు రుద్దులు రుద్దాను. ఆమె అడిగింది కాబట్టే రుద్దాను. "గట్టిగా ఉంది అమ్మాయ్, కాస్త చూడు" అని ఆమే అంది.

రెండు రుద్దులకే పేలే మూత అయితే అది రుద్దకపోయినా పేలేదే. గీతలు లేనివి రెండు పేలాయి. రెండు. ఇది గుర్తు పెట్టుకోవాలి.

అక్టోబరు 20

షాపులో మూతలు గట్టిగా ఉన్నాయని వచ్చేవాళ్ళని వెనక్కి పంపేస్తున్నాను. ఆకురాయి పోయిందని చెబుతున్నాను. అది సొరుగులోనే ఉంది.

డిసెంబరు 8

రాజీ కుదిరింది. కొండను తవ్వి ఎలుకను పట్టారు.

ప్రతి ఒక్కరికీ అదే కంపెనీ కొత్త కుక్కరు ఒకటి ఇస్తారట. కాలినవాళ్ళకి ఆసుపత్రి ఖర్చులో కొంత ఇస్తారట. దీని మీద ఇక ఎవరూ ఎన్నడూ కేసు వెయ్యకూడదట. మధ్యలో ఒక వాక్యం ఉంది, లాయరమ్మ దాన్ని గబగబా చదివేసింది. కంపెనీ ఎలాంటి తప్పునూ అంగీకరించకుండా, కేవలం వినియోగదారుల పట్ల సద్భావంతో ఇస్తోందట.

వదిన కంటికి ఖరీదు సద్భావమన్నమాట.

"మరి తీర్పు?" అని వదిన అడిగింది.

"రాజీ అయితే తీర్పు ఉండదమ్మా. తప్పెవరిదో ఎవరూ తేల్చరు."

"అది తేల్చడానికే కేసన్నారు కదా."

లాయరమ్మ కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకుంది. పాపం ఆవిడ కూడా అలిసిపోయింది. "నిజం చెప్పనా? ఆ మూతల మీద గీతలున్నాయి కదా. జడ్జి ముందుకెళితే మొత్తం పోవచ్చు. ఒక్కొక్కరుగా వెళితే మిమ్మల్ని లోపలికే రానివ్వరు. అందుకే అందరినీ కలిపాను. అందరినీ కలిపితే వచ్చేది ఇంతే."

ఇష్టం లేనివాళ్ళు బయటికి రావచ్చట. జనవరి పదో తారీకు లోపు "నన్ను ఈ రాజీలోంచి తీసెయ్యండి" అని కోర్టుకి రిజిస్టరు పోస్టులో రాయాలి. రాయకపోతే ఒప్పుకున్నట్టే. మౌనం అర్ధాంగీకారం అంటారు, కోర్టులో అది పూర్తి అంగీకారమట.

"నేను బయటికొస్తాను" అంది వదిన.

"ఒంటరిగా పదేళ్ళు పడుతుందమ్మా. పైగా మీ మూత పరీక్షకి పంపాలి."

"పంపండి. నా మూత మా ఆడపడుచు తప్ప ఇంకెవరూ ముట్టుకోలేదు. దాని చేతిపనికి వంక పెట్టేవాళ్ళు ఈ వీధిలోనే లేరు."

ఆ మాటంటూ నా భుజం మీద చెయ్యి వేసింది. ఇంటికొచ్చాక నాకు అన్నం సయించలేదు. అన్నయ్య వంట కదా, ఎవరూ ఏమీ అడగలేదు.

డిసెంబరు 22

వదినకి నచ్చజెప్పడానికి చూశాను. ఒంటరిగా గెలవలేదని లాయరమ్మే చెప్పింది కదా అన్నాను. కొత్త కుక్కరు ఊరికే వస్తోందన్నాను.

"నాకు కుక్కరెందుకు అమ్మాయ్? నన్ను స్టవ్ దగ్గరికే రానివ్వరు కదా."

అన్నయ్య పేపరు చాటు నుంచి "ఇంత మంది ఒప్పుకుంటే దీనికొక్కదానికే తలబిరుసు. చేసిన తప్పు ఒప్పుకోవడానికి నామోషీ" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పేపరు చింపి చేతిలో పెడదామనిపించింది. నా కోపం పూర్తిగా అతని మీదే. ఇంకెవరి మీదా కాదు.

జనవరి 5

వదిన ఉత్తరం రాసింది. చిత్తు ప్రతి రాసుకుని, దిద్దుకుని, మళ్ళీ సాపు ప్రతి రాసింది. కుడికన్ను ఎర్రబడింది. విడిభాగాల పార్సిళ్ళ కోసం రోజూ పోస్టాఫీసుకి వెళ్ళేదాన్ని నేనే కాబట్టి నా చేతికిచ్చింది. కవరు అంటించకముందు చదవమంది.

"నేను మూత సరిగ్గానే పెట్టాను. ఇది ఎవరో ఒకరు విచారించి, అవుననో కాదనో రాయాలి. కాదని రాసినా ఒప్పుకుంటాను. విచారించకుండా నా తరఫున రాజీపడే హక్కు ఎవరికీ ఇవ్వలేదు. కనుక నన్ను ఇందులో కలపవద్దు."

ఒక్క తప్పు లేదు.

జనవరి 6

పోస్టాఫీసులో చాంతాడంత లైను. రేపు వెళ్ళాలి.

జనవరి 7

వాన.

జనవరి 8

నేను వెళ్ళేసరికి కౌంటరు మూసేశారు. ఏ టైముకి వెళ్ళానో రాయను.

జనవరి 9

వదిన అడిగింది. పంపేశానన్నాను. రసీదు షాపులో ఎక్కడో పెట్టానన్నాను. "నీ దగ్గరుంటే నా దగ్గరున్నట్టే" అంది.

జనవరి 10

పెద్ద సైజు రబ్బరు రింగులు వచ్చాయి. ఈసారి సరుకు బాగుంది.

జనవరి 11

ఆమె మంచి కోసమే. పదేళ్ళు కోర్టు మెట్లెక్కితే ఉన్న ఒక్క కన్నూ పోతుంది. పదేళ్ళ తర్వాత ఎవడో భూతద్దం పెట్టి చూసి, గీతలున్నాయంటాడు. అప్పుడు తీర్పులో ఏమని రాస్తారు? కంపెనీది తప్పు కాదని రాస్తారు. వదినది కూడా కాదని రాస్తారు.

నిజమే, అప్పుడు వదినది కూడా కాదని రాస్తారు.

అప్పుడు ఈ షాపు మూసుకోవాలి. నలభై ఇళ్ళవాళ్ళు గుమ్మం ముందుకొస్తారు. అన్నయ్య నన్ను ఇంట్లో ఉండనిస్తాడా? వదిన నా మొహం చూస్తుందా? తిలాపాపం తలా పిడికెడు, నాన్నకొక పిడికెడు, చౌరస్తా ముసలాయనకొక పిడికెడు, కంపెనీకి బస్తాడు. నా ఒక్కదాని నెత్తినే ఎందుకు పడాలి?

ఉత్తరం చింపలేదు. చింపితే పాపం.

ఫిబ్రవరి 3

కోర్టుకి నేనొక్కదాన్నే వెళ్ళాను. తను బయటికొచ్చేసింది కదా, ఇక తనకేం పని అని వదిన రాలేదు.

అంతా పావుగంటలో అయిపోయింది. జడ్జి గారు "బయటికి వస్తామని రాసినవాళ్ళెంతమంది?" అని అడిగారు. కోర్టు గుమాస్తా ఫైలు తిరగేసి "ఎవరూ లేరండీ" అన్నాడు. "అంటే అందరికీ సమ్మతమేనన్నమాట, సంతోషం" అన్నారు జడ్జి గారు. నిజంగానే సంతోషంగా కనిపించారు.

లాయరమ్మ వెనక్కి తిరిగి గుసగుసగా అడిగింది. "మీ వదినగారు మనసు మార్చుకున్నారా?"

"మార్చుకుంది."

"మంచిపని చేశారు. మీరే నచ్చజెప్పి ఉంటారు" అంది.

ఫిబ్రవరి 27

కుక్కర్లు వచ్చాయి. వీధిలో ఇంటింటికీ ఒక అట్టపెట్టె దింపారు. మా ఇంటి ముందు కూడా దింపారు, వదిన పేరు మీద.

వదిన ఆ పెట్టె మీది పేరు చాలాసేపు చూసింది. లాయరమ్మకి ఫోన్ చేస్తే ఆవిడ గుమాస్తా ఎత్తి, "కేసు అయిపోయిందమ్మా, ఫైలు కట్టేశాం" అని పెట్టేశాడట. సాయంత్రం మేం ముగ్గురం హాల్లో ఉన్నప్పుడు వదిన తనలో తను అనుకుంటున్నట్టు అంది.

"జడ్జి గారు నా ఉత్తరం చదివే ఉంటారు. చదివి కూడా నన్ను అందరితో కలిపేశారంటే, విచారించాల్సినంత సంగతి ఇందులో ఏమీ కనబడలేదన్నమాట. కాదని రాసినా ఒప్పుకుంటానని నేనే కదా రాసింది." కొంగు సర్దుకుంటూ, "ఫోన్లో మాట్లాడుతున్న మాట నిజమేగా. మూత నేనే సరిగ్గా పెట్టలేదేమో" అంది.

అన్నయ్య పేపరు పక్కన పెట్టాడు. రెండున్నరేళ్ళలో మొదటిసారి ఆమె పక్కన వచ్చి కూర్చున్నాడు. "పోనీలేవే. ఎవరికైనా పొరపాటు జరుగుతుంది. ఒప్పుకున్నావు, అదే చాలు" అన్నాడు. గొంతులో ఎంత ప్రేమో. క్షమించేశాడు మహానుభావుడు.

నేను అక్కడే ఉన్నాను. నోరు తెరిచాను కూడా. "కాఫీ పెట్టనా?" అన్నాను.

"నేను పెడతాలే" అని వదిన లేచింది. అన్నయ్య వద్దనలేదు.

మార్చి 2

ఇంట్లో గొడవల్లేవు. వంట బాగుంటోంది. టీచరమ్మ వస్తే ఈసారి వదినే నవ్వుతూ చెప్పింది, "నా అజాగ్రత్తేనండీ, మీరు మాత్రం జాగ్రత్త" అని. మొహం గోడ వైపు తిప్పుకోలేదు. ఆమెకి ఇప్పుడు దాచుకోవాల్సింది ఏమీ లేదు.

నేను మింగలేకా కక్కలేకా ఉన్నాను. చెబుదామని రెండుసార్లు వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను. ఇంత ప్రశాంతంగా ఉన్న ఇంట్లో ఇప్పుడెందుకని వెనక్కి వచ్చేశాను. ప్రశాంతత మంచిదే కదా.

మార్చి 8

ఈ మధ్య వదిన మధ్యాహ్నాలు షాపులో కూర్చుని బిల్లులు రాసిపెడుతోంది. ఈ రోజు కండక్టరు కొత్త కుక్కరు చంకన పెట్టుకుని వచ్చాడు.

"ఇదీ అలాగే ఏడిసిందమ్మాయ్. వారానికే బిగుసుకుపోయింది. వాళ్ళు మార్చింది పెట్టె మీద బొమ్మొక్కటే. పాతదానికి చేసినట్టే ఆకురాయితో రెండు రుద్దులు రుద్దు."

చెయ్యనన్నాను. అప్పుడు చేశావుగా అన్నాడు. ఇప్పుడు చెయ్యనన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, ఆయన ఆశ్చర్యంగా చూశాడు. "నువ్వు కాకపోతే చౌరస్తాలో ముసలాడున్నాడు" అంటూ దిగి వెళ్ళిపోయాడు.

వదిన బిల్లు బుక్కులో పెన్ను పెట్టి మూసింది. ఆమె ప్రూఫులు దిద్దిన మనిషి. ఏది ఎక్కడ కలుస్తుందో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

"అమ్మాయ్, నా మూత కూడా రుద్దావా?"

కోపంగా అడగలేదు. కావాలంటే అవుననడానికి కూడా చోటిచ్చి అడిగింది. అవునంటే ఆమె గెలుస్తుంది. ఏ కోర్టూ ఇవ్వని తీర్పు నా నోట్లో ఉంది, ఒక్క మాట. రెండున్నరేళ్ళుగా ఆమె అడుగుతున్నది ఆ ఒక్క మాటే. షాపులో ఇంకెవరూ లేరు.

"లేదు వదినా" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. కుడికంట్లో నీళ్ళు తిరిగాయి. నాకు సిగ్గేసింది. చచ్చిపోవాలన్నంత సిగ్గేసింది. అయినా మొహం తిప్పుకోలేదు, తిప్పుకుంటే తెలిసిపోతుందని.

తర్వాత వదిన కుర్చీ దగ్గరికి లాక్కుని నా చెయ్యి పట్టుకుంది.

"ఎంత మాట అడిగాను నిన్ను. నా తప్పు ఇంకెవరి మీదైనా తోసేద్దామని బుద్ధి ఇంకా పీకుతూనే ఉంది. మనసులో పెట్టుకోకమ్మా" అంది.

పెట్టుకోనన్నాను.